మార్కండేయులు ఇంటి బూజు

ప్రశ్న అడిగినవాళ్ళకు పరిపూర్ణయ్య గారు జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు. మాయ అంటే ఏమిటో తెలుసుకోవాలని వచ్చిన ఒక బడిపంతులు చేతికి చిల్లుపడిన ఇత్తడి బిందె ఇచ్చి, మాటు వేయించుకు రమ్మన్నారు. ఆ పంతులూ తిరిగి రాలేదు, బిందే తిరిగి రాలేదు. కోపం ఎలా పోతుందని అడిగిన మరొకాయన ముందు గంపెడు చిక్కుపడిన నులక పోసి విప్పమన్నారు. ఆయన మూడు రోజులు విప్పి, నాలుగో రోజు తనలో తాను నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు. గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఆ చిన్న మఠానికి వచ్చిపోయేవాళ్ళు ఇలాంటివి చాలా చెప్పుకునేవారు. శోభనాద్రి సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు. ఆయన తన సంగతి తాను చెప్పుకునే మనిషి కాడు.

శోభనాద్రి మఠానికి వచ్చి నాలుగేళ్ళయింది. అంతకుముందు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసి, యాభై ఏళ్ళు నిండకుండానే ఉద్యోగం మానుకుని వచ్చేశాడు. పెళ్ళి చేసుకోలేదు. తెల్లవారుతూనే లేచి వాకిలి ఊడ్చేవాడు, చెట్లకు నీళ్ళు పోసేవాడు, తరవాత తన పాకలో కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. భోజనాల పంక్తిలో ఎప్పుడూ చివరి విస్తరి ఆయనదే. పున్నమినాడు మిగతావాళ్ళ కోసం అక్కచెల్లెళ్ళో అల్లుళ్ళో మూటలు పట్టుకుని వచ్చేవారు. ఆ రోజున శోభనాద్రి ఏదో పని కల్పించుకుని ఏటి వైపు వెళ్ళి, వచ్చినవాళ్ళు తిరుగు ప్రయాణమయ్యాక వచ్చేవాడు. మీదే ఊరని ఎవరైనా అడిగితే "అద్దంకి అవతల" అనేవాడు. అవతల ఎంత దూరమో, అక్కడ ఎవరున్నారో ఎవరూ రెట్టించి అడగలేదు. అడగకపోవడం మర్యాద అని వాళ్ళు అనుకున్నారు. శోభనాద్రి కూడా కొన్నాళ్ళు అలాగే అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం పరిపూర్ణయ్య గారు అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. శోభనాద్రి వెళ్ళి ఎదురుగా కూర్చుని, తనూ నాలుగు రెబ్బలు చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపటి తరవాత, తల ఎత్తకుండానే అడిగాడు.

"అయ్యా, ఒక తలపు ఉంది. రోజూ తుడుస్తాను. మర్నాటికల్లా మళ్ళీ అక్కడే అల్లుకుని ఉంటుంది. అది పూర్తిగా పోయే ఉపాయం ఏదైనా ఉందా?"

ఏ తలపని ఆయన అడగలేదు. ఇంకో రెబ్బ విప్పి, గింజ తీసి పక్కన పెట్టారు.

"నాగులవరం సాలెపేటలో మార్కండేయులని ఒక నేతగాడు ఉన్నాడు. ఇంట్లో సాలెపురుగులు ఎక్కువయ్యాయట. వాటితో పడలేక వాళ్ళ అక్క ఇల్లు విడిచి వెళ్ళిపోయిందట. ఏదైనా ఉపాయం చెప్పి పంపమని కబురు పెట్టాడు. నువ్వు వెళ్ళు. అవి పోయాక వచ్చి నాకు చెప్పు."

నాలుగేళ్ళకు ఒక్కసారి అడిగిన ప్రశ్న. దానికి ఈ జవాబు. శోభనాద్రి చేతిలోని చింతపండు కింద పెట్టాడు. అయినా "అట్లాగేనయ్యా" అని లేచాడు.

నాగులవరం అక్కడికి మూడు మైళ్ళు. మర్నాడు పొద్దున్నే పొడుగాటి బూజుకర్ర భుజాన వేసుకుని, గోనెసంచిలో ఎండు వేపాకు కుక్కుకుని శోభనాద్రి బయలుదేరాడు. సాలెపేటలో అడుగు పెట్టగానే రెండు వైపులా ఇళ్ళలోంచి మగ్గాల చప్పుడు. ఒక ఇంటి ముందు మాత్రం చప్పుడు లేదు. ఎవరినీ అడక్కుండానే అదే మార్కండేయులు ఇల్లని ఆయనకు తెలిసిపోయింది.

మార్కండేయులుకు అరవై దగ్గర పడుతున్నాయి. సన్నటి మనిషి. వసారాలో కూర్చుని వేరేవాళ్ళ నూలు కండెలకు చుడుతున్నాడు. లేచి మంచినీళ్ళు ఇచ్చాడు. ఇల్లు చూపిస్తూ ముక్తసరిగా చెప్పాడు.

"మా అక్క నాంచారమ్మ మెడ మీద పొక్కులు లేచినయ్యండి. సాలెపురుగు పాకిందన్నారు. ఈ ఏడాదిలో ఇది మూడోసారి. ఇంక నేనుండనని రెండు వీధులవతల మా పినతల్లి కూతురింటికి వెళ్ళిపోయింది. నెలన్నరయింది. పొద్దునపూట అక్కే ఇంత గంజి కాసిచ్చేది. ఇప్పుడు నేనే కాసుకుంటున్నా."

"ఇల్లు మూసి ఉంచుతారా?"

"ఆ గదొక్కటే." వసారాకు ఎడం పక్కన తాళం వేసిన తలుపు వైపు చూపించాడు. "దాని జోలికి పోబాకండి. మిగతా ఇల్లు చూడండి."

శోభనాద్రి మిగతా ఇల్లు చూశాడు. దూలాల సందున, అటక కింద, దేవుడి పటాల వెనక, వంటింటి గూట్లో ఎక్కడ చూసినా బూజే. కొన్నిచోట్ల పాతబూజు మీదే కొత్తది అల్లుకుని, గుడ్డ ముక్కలు వేలాడదీసినట్టు ఉంది. ఆయన తలకు తువ్వాలు చుట్టుకుని పైనుంచి కిందికి దులుపుకుంటూ వచ్చాడు. దులిపిందంతా పోగుచేసి పెరట్లో తగలబెట్టాడు. గది గదికీ వేపాకు పొగ వేశాడు. పొద్దు వాటారేసరికి ఇల్లు కొత్తగా కనిపించింది. మార్కండేయులు ఇంటినంతా ఒకసారి కలయజూసి, "ఇంక మా అక్కకు కబురు పెట్టొచ్చంటారా?" అని అడిగాడు.

"రెండు రోజులు చూద్దాం" అన్నాడు శోభనాద్రి.

చూడటమే మంచిదయింది. మూడో రోజు వెళ్ళేసరికి దూలాల మధ్య మళ్ళీ సన్నటి దారాలు మెరుస్తున్నాయి.

పశువుల ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళు నెత్తురు పీల్చే గోమార్లతో వేగిన మనిషి శోభనాద్రి. ఒంటి మీద పురుగును ఏరిపారేస్తే లాభం లేదనీ, పశువుల కొట్టం చూడాలనీ ఆయనకు తెలుసు. ఈసారి బూజుకర్ర పక్కన పెట్టి, ఇంటి చుట్టూ తిరిగాడు. వీధి గుమ్మానికి సరిగ్గా పైన బల్బు ఉంది. సందెవేళ నుంచి దాని చుట్టూ పురుగులు మూగుతున్నాయి. పురుగులున్న చోటికి సాలెపురుగు రాక ఏంచేస్తుంది? ఆ బల్బు తీయించి, వాకిట్లో దూరంగా ఉన్న స్తంభానికి పెట్టించాడు. గోడకు ఆనించి పేర్చిన పొయ్యికట్టెలను పెరటి చివరికి మోశాడు. కిటికీ చట్రాల పక్కన, గోడ పగుళ్ళలో సున్నమూ ఇసుకా కలిపి మెత్తాడు. గోడలకు వెల్ల వేసి, అందులో ఇంత మైలుతుత్తం కలిపాడు. నిమ్మగడ్డి నూనె తెచ్చి తడిగుడ్డతో గుమ్మాలకీ కిటికీలకీ పూశాడు. అటక మీద ఏళ్ళ తరబడి పడి ఉన్న పగిలిన కుండలూ, చినిగిన చాపలూ దింపి పారేయించాడు. ఇదంతా అయ్యేసరికి ఎనిమిది రోజులు పట్టింది.

మార్కండేయులు అడ్డు చెప్పకుండా చేతిసాయం చేసేవాడు. మధ్యాహ్నం ఇద్దరూ వసారాలో కూర్చుని గంజీ ఉల్లిపాయా తినేవారు. మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు. అయినా శోభనాద్రికి అది మఠంలోని పంక్తి కంటే తేలికగా అనిపించేది. అక్కడ చివరి విస్తరి ఒకటి ఉంటుంది. ఇక్కడ ఉన్నవే రెండు విస్తళ్ళు, చివరిదంటూ లేదు. సాయంత్రం మూడు మైళ్ళు నడిచి తిరిగి వెళుతున్నప్పుడు, తన వెనక మార్కండేయులు ఒక్కడే దీపం వేసుకుని కూర్చోవడం తలపుకు వచ్చేది. తన పాకలో తనూ అంతేనన్న సంగతి ఆ తరవాత తలపుకు వచ్చేది.

బూజు సగానికి సగం తగ్గింది. కాని పోలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం శోభనాద్రి ఏ పనీ పెట్టుకోకుండా వసారాలో వెల్లకిలా పడుకుని కప్పు వైపు చూస్తున్నాడు. ఎండ ఏటవాలుగా పడుతోంది. తాళం వేసిన గది తలుపు పైసందులోంచి ఏదో కదిలినట్టయింది. లేచి దగ్గరికి వెళ్ళి చూశాడు. ఆవగింజలో సగమైనా లేని పిల్ల సాలెపురుగులు, ఒకదాని వెనక ఒకటి, కనీకనిపించని దారాలు వదులుతూ బయటికి వస్తున్నాయి. గాలికి ఊగుతూ ఇల్లంతా పరుచుకుంటున్నాయి. లోపల గుడ్లు పెట్టి, పిల్లలు లేచి, మళ్ళీ పెట్టి, ఎన్ని తరాలుగా సాగుతున్నదో.

"మార్కండేయులు గారూ, ఇవన్నీ ఈ గదిలోంచి వస్తున్నయ్యి. ఇది తెరవాలి."

మార్కండేయులు కండె చుట్టడం ఆపలేదు. "ఆ గది తప్ప ఇల్లంతా బాగుచెయ్యమన్నాను."

"ఆ గది తియ్యకపోతే ఇల్లు బాగుపడదండీ. మీ అక్కగారు రారు."

"రాకపోతే మానె."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే శోభనాద్రి ఏదైనా అనగలిగేవాడు. బూజుకర్ర తీసుకుని మఠానికి వచ్చి, గురువు గారి ముందు నిలబడి, జరిగింది చెప్పాడు. పని చేయడం తన చేతిలో ఉంది కాని తాళంచెవి తన చేతిలో లేదన్నాడు.

పరిపూర్ణయ్య గారు విని, "రేపు బూజుకర్ర తీసుకువెళ్ళకు" అన్నారు. 

మర్నాడు శోభనాద్రి ఉత్త చేతులతో వెళ్ళాడు. ముసురు పట్టి ఉంది. ఉత్త చేతులతో వచ్చిన మనిషిని మార్కండేయులు వింతగా చూసి, ఇంకో పీట వేశాడు. శోభనాద్రి కూర్చుని, ఊరుకోలేక కండె ఒకటి తీసుకున్నాడు. చేత కాలేదు, దారం జారిపోయింది. మార్కండేయులు దాన్ని తీసుకుని, ఎలా పట్టుకోవాలో చూపించాడు. వాన జోరందుకుంది. చూరు నీళ్ళు వసారా అంచున ధార కట్టాయి. ఎదురింటి మగ్గాలు ఒకటొకటిగా ఆగాయి. ఆ చప్పుడు ఆగాక, ఎందుకో తనకే తెలియకుండా, శోభనాద్రి నోరు విప్పాడు.

"ఇట్లాంటి వానలోనే మా తమ్ముడు వచ్చాడండి."

మార్కండేయులు తల తిప్పాడు.

"కోదండమని నాకొక్కడే తమ్ముడు. మా అమ్మ పోయినప్పుడు వాడు పని మీద ఊరెళ్ళి ఉన్నాడు, కబురందుకుని వేళకు రాలేకపోయాడు. దహనమయ్యాక వచ్చాడు. బండి దొరకలేదన్నాడు. నేను నమ్మలేదు. ఇంటి మధ్యన గోడ పెట్టించాను. ఏడేళ్ళు మాటల్లేవు. గోడకు అవతల వాడు దగ్గితే ఇవతల నాకు వినిపించేది. ఒకరోజు మధ్యాహ్నం, వాన. తలుపు తట్టాడు. 'అన్నా, నేను, కోదండాన్ని' అన్నాడు. లేచి తలుపు దాకా వెళ్ళాను. గడియ మీద చెయ్యి కూడా పెట్టాను."

జారిన దారాన్ని మళ్ళీ కండెకు చుట్టబోయి మానేశాడు.

"తియ్యలేదు. వాడు ఇంకోసారి తట్టలేదు. కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. చెప్పుల చప్పుడు విన్నాను. నాలుగో రోజు పొద్దున్నే గుండె ఆగి పోయాడు. ఆ రోజు నాతో ఏం చెబుదామని వచ్చాడో నాకు తెలియదు. ఇంక తెలిసే దారి లేదు."

తమ్ముడు పోయి అయిదేళ్ళు. ఈ మాటలు ఆయన నోట ఇంకొక మనిషితో రావడం ఇదే మొదలు. మఠంలో పన్నెండు మంది మధ్య బతుకుతూ చెప్పలేనిది, రెండు వారాల కిందటిదాకా మొహం తెలియని నేతగాడికి చెప్పాడు. చెప్పాక సిగ్గు వేస్తుందనుకున్నాడు. వేయలేదు. ఒళ్ళంతా అలసటగా మాత్రం అనిపించింది.

మార్కండేయులు చేతిలోని కండె పూర్తిగా చుట్టి, పక్కన పెట్టి, మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పాడు. తుప్పుపట్టిన తాళం మొదట తిరగలేదు. శోభనాద్రి దీపం బుడ్డి తెచ్చి రెండు చుక్కలు కిరసనాయిలు పోశాడు. తాళం ఊడింది. తలుపు మాత్రం తడికి ఉబ్బి, ఇద్దరూ భుజాలు ఆనించి తోస్తేగాని కదలలేదు.

లోపల గుంట మగ్గం ఉంది. కిటికీ రెక్క తోశాక మసకవెలుతురులో మెల్లగా కనిపించింది. పైకొయ్య నుంచి కింది దాకా, దారాలు దూర్చే అచ్చు నుంచి గోడ దాకా, తెల్లటి పొరలు పొరలుగా బూజు. మగ్గం మీద ఎక్కడ నూలు అయిపోయిందో, ఎక్కడ సాలెగూడు మొదలయిందో చెప్పలేకుండా ఉంది. మూలల్లో శనగగింజలంత గుడ్ల సంచులు గుత్తులుగా అతుక్కుని ఉన్నాయి.

"రత్నాలుది" అన్నాడు మార్కండేయులు. "నా భార్య. మూడేళ్ళయింది. మధ్యాహ్నం అన్నానికి లేద్దామని లేచి, ఇక్కడే కూలబడింది. ఆమె నేసిన నేత అట్లాగే ఉండాలని తాళం వేశా. ఎవరి చెయ్యీ పడగూడదని."

"మీరు చూడ్డానికైనా తెరవలేదా?"

"లేదు." మగ్గం పైకొయ్య మీద చెయ్యి వేశాడు. "రాత్రిళ్ళు పడుకున్నప్పుడు లోపల అవి ఉన్నయ్యని తెలిసేది. మగ్గం ఉత్తగా లేదు, ఏదో ఒకటి నేస్తానే ఉందిలే అనుకునేవాణ్ణి. మా అక్కకు ఈ మాట ఎట్లా చెప్పను?"

ఆయన ముందుకు వంగి, చేత్తోనే బూజు తొలగించాడు. శోభనాద్రి సాయం వెళ్ళబోయి ఆగిపోయాడు. పొర వెనక పొర తీస్తే, అడుగున చీర కనిపించింది. వంగపండు రంగు, పచ్చటి అంచు. మూడు వంతులు నేత అయింది. మార్కండేయులు అంచును రెండు వేళ్ళతో పట్టుకుని పైకి ఎత్తబోయాడు. అది వేళ్ళ మధ్య పొడిపొడిగా రాలింది. గుంటలోని చెమ్మ పైకి ఎక్కి, చెదలు అడుగునుంచి బట్టనంతా తినేశాయి. నేసిన బట్ట చుట్టిన దోనె కొయ్య మీద పై వరస మాత్రం బట్టలా కనిపిస్తోంది. లోపలిదంతా మట్టి.

ఇద్దరూ అలాగే నిలబడ్డారు.  ఏడుస్తాడేమోనని శోభనాద్రి భయపడ్డాడు. మార్కండేయులు ఏడవలేదు. మగ్గం గుంటలోకి దిగి, భార్య కూర్చున్న చోట కూర్చున్నాడు. తెగిపోయిన పడుగు దారాలను కొంతసేపు చేత్తో నిమిరాడు. తరవాత, అలవాటుగా, ఒక తెగిన దారాన్ని ఇంకొక దానితో కలిపి మెలిపెట్టి చూశాడు. నిలవలేదు.

"ఎవరి చెయ్యీ పడగూడదనుకున్నా" అన్నాడు మళ్ళీ. "పడినా బాగుండేది."

ఆ సాయంత్రం శోభనాద్రి మఠానికి తిరిగి వెళ్ళలేదు. ఇద్దరూ కలిసి గది ఖాళీ చేశారు. గుడ్ల సంచులు ఒక్కటి కూడా వదలకుండా గీకి, పాతగుడ్డలో మూటగట్టి పొయ్యిలో వేశారు. పాడైన నేతను దోనె నుంచి విప్పుతుంటే, పైవరసలో జానెడు ముక్క గట్టిగా మిగిలి ఉంది. మార్కండేయులు దాన్ని కత్తిరించి, దులిపి, మడిచి చొక్కాజేబులో పెట్టుకున్నాడు. మిగిలిందంతా మర్నాడు వాన వెలిసాక పెరట్లో గోతిలో పూడ్చాడు. తరవాతి వారం రోజుల్లో గుంట మెత్తారు, గోడలకు వెల్ల వేశారు, కిటికీ రెక్కలు రెండూ ఊడదీసి కొత్త బందులు వేశారు. చెదలు పట్టిన కొయ్యలు రెండు మార్చాల్సి వచ్చింది. మగ్గం నిలిచింది.

నాంచారమ్మను పిలవడానికి మార్కండేయులు తనే వెళ్ళాడు. ఆమె వెంటనే లోపలికి రాలేదు. గడప బయట నిలబడి, తమ్ముడి భుజం మీదుగా ఆ గదిలోకి తొంగి చూసింది. డెబ్బై ఏళ్ళ మనిషి, మెడ మీద మానిన పొక్కుల మచ్చలు.

"తెరిచావా" అంది.

"తెరిచానక్కా."

"ఆ పిల్ల నేసింది?"

మార్కండేయులు జేబులోంచి ముక్క తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని కళ్ళ దగ్గరగా పెట్టుకుని, వేలితో అంచంతా తడిమింది. "నాతో ఒక్కమాట అంటే నేనూ కూర్చుని ఏడ్చేదాన్ని కదరా" అంది. "నా ఒంటిమీద పొక్కులు లేస్తున్నయ్యని వెళ్ళాననుకున్నావా? మూడేళ్ళు నీతో ఒకింట్లో ఉండి, ఒక్కదాన్నే ఉన్నట్టుంటే వెళ్ళాను." ఆ తరవాత లోపలికి వచ్చి, పొయ్యి మీద ఏముందో చూడటానికి వంటింట్లోకి వెళ్ళింది.

శోభనాద్రికి ఆ ఇంట్లో ఇంక పని లేదు. అయినా మరో రెండు రోజులు ఏదో ఒక వంకతో వెళ్ళాడు. రెండో రోజు నాంచారమ్మ ఆయనకు అన్నం వడ్డిస్తూ, "మీకు ఇంటి దగ్గర ఎవరున్నారు నాయనా?" అని అడిగింది. ఆయన "అద్దంకి అవతల" అనబోయాడు. ఆమె అడిగింది ఊరి పేరు కాదని తోచి, తల వంచుకుని తిన్నాడు. ఆమె రెట్టించలేదు కాని, అక్కడి నుంచి కదలనూ లేదు. ఆయన తినడం అయ్యేదాకా ఎదురుగానే కూర్చుంది.

మఠానికి వచ్చేసరికి పరిపూర్ణయ్య గారు బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు. శోభనాద్రి నిలబడే అంతా చెప్పాడు.  ఈసారి తన తమ్ముడి సంగతి కూడా దాచలేదు.

"సాలెపురుగులు పోయినట్టేనా?" అని అడిగారాయన.

"పూర్తిగా పోలేదయ్యా. ఒకటీ అరా కనిపిస్తూనే ఉన్నయ్యి. ఆమె పొద్దున్నే ఊడ్చేస్తోంది."

"ఆ గదిలో?"

"ఆ గదిలో పగలంతా మనుషులుంటున్నారు. ఆయన కొత్త పడుగు ఎక్కిస్తున్నాడు. ఎదురింటివాళ్ళు వచ్చి దారాలు అతుకుతున్నారు."

పరిపూర్ణయ్య గారు తల ఊపి, అరుగు వైపు నడిచారు. శోభనాద్రి వెనకే వెళ్ళాడు. ఆయన కూర్చున్నాక కూడా నిలబడే ఉన్నాడు. అడిగిన ప్రశ్న ఒకటి ఇంకా మిగిలి ఉందని ఇద్దరికీ తెలుసు. దాన్ని ఏ మాటలతో మళ్ళీ అడగాలో శోభనాద్రికి తోచలేదు. ఏటి అవతల నుంచి చల్లటి గాలి వచ్చింది. చివరికి గురువు గారే అడిగారు.

"మీ తమ్ముడికి పెళ్ళయిందా?"

"అయిందయ్యా. భార్య పేరు సుభద్ర. పిల్లలు లేరు."

"ఇప్పుడెక్కడుంటోంది?"

"అక్కడేనయ్యా. గోడకు అవతలి వాటాలో. ఒక్కతే."

పరిపూర్ణయ్య గారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు.

"ఆ ఇంటి బూజు ఎవరు దులుపుతున్నారు, శోభనాద్రీ?"